పాన్‌గల్ పేరులో కనబడని గుర్తు

వనపర్తి జిల్లాలో కృష్ణానదికి ఉత్తరమున పాన్‌గల్ అను ఊరు ఉన్నది. అది ఒక మండలమునకు ముఖ్యస్థానము. అచ్చట కొండమీద ఒక పాతకోట కలదు. 2016 అక్టోబరు 11న వనపర్తి జిల్లా ఏర్పడునంతవరకు ఈ ఊరు మహబూబ్‌నగరు జిల్లాలో ఉండెడిది. ఆ ఊరి బడిలో చదువుకొను పిల్లవాడు తన ఊరి పేరును పలకమీదనో, కాగితముమీదనో వ్రాయుటకు ఏ చిక్కును లేదు. పా, న్, గ, ల్ అని వరుసగా వ్రాసినచో పని ముగియును. కాని అదే పేరును అదే వరుసలో కంప్యూటరులోనో, ఫోనులోనో వ్రాసినచో తెరమీద కనబడునది వేరు: పాన్గల్. గకారము తన చోటు విడిచి నకారము క్రింద ఒత్తుగా చేరిపోవును. ఊరివారికి అలవాటైన రూపము ఇది కాదు.

యంత్రము తప్పు చేయలేదు. ఒక హల్లు, పొల్లు, మరల ఒక హల్లు వరుసగా వచ్చినచో వానిని కలిపి సంయుక్తాక్షరముగా చూపవలెనని మన లిపి నియమమే చెప్పుచున్నది. ‘పద్యము’ అని వ్రాయునపుడు మనము కోరునది అదే. పాన్‌గల్ వంటి పేరులో మాత్రము ‘ఇక్కడ కలుపవద్దు’ అని విడిగా చెప్పవలసియుండును. అట్లు చెప్పుటకు ఒక గుర్తు కలదు. దానికి ఆకారము లేదు, ధ్వని లేదు, వెడల్పు కూడ లేదు. నకారపు పొల్లు తరువాత, గకారమునకు ముందు దానిని నిలిపినచో పేరు సరిగా కనబడును. ఆ గుర్తు మాత్రము ఎవరికిని కనబడదు. ఈ చిన్న గుర్తును పట్టుకొని వెళ్లినచో, దూరదూరమున నున్న తెలుగువారు యంత్రముల ద్వారా తెలుగులో చర్చించుకొనుట ఎట్లు సాధ్యమైనదో, ఆ చర్చలలో నిజము ఎట్లు తేలునో, ఎట్లు మరుగుపడునో కొంతవరకు తెలిసికొనవచ్చును.

కంప్యూటరుకు అక్షరములు తెలియవు, సంఖ్యలే తెలియును. అందుచేత ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య ఉండవలెనని ముందుగా ఒప్పందము జరుగవలెను. ప్రపంచములోని లిపులన్నిటికి ఒకే జాబితాలో సంఖ్యలు కేటాయించిన ఏర్పాటును యూనికోడు అందురు. దాని మొదటి సంపుటము 1991లో వెలువడెను. అందులో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు లభించినవి. భారతీయ లిపులకొరకు మన దేశములో అంతకుముందే సిద్ధమైన ‘ఇస్కీ’ అను సంకేతపద్ధతి ఈ అమరికకు ఆధారము. దేవనాగరిలో క తన వరుసలో ఎన్నవ స్థానమున ఉన్నదో, తెలుగులో క తన వరుసలో అన్నవ స్థానముననే ఉండుటకు కారణమిదియే.

పాన్‌గల్ అను పేరును ఈ జాబితా ప్రకారము విప్పినచో ఎనిమిది సంఖ్యలు వచ్చును. ప 3114, దీర్ఘపు గుర్తు 3134, న 3112, పొల్లు 3149, కనబడని గుర్తు 8204, గ 3095, ల 3122, తిరిగి పొల్లు 3149. మిగిలినవన్నియు తెలుగు వరుసలోనివే. 8204 మాత్రము బయటినుండి వచ్చినది. అది ఏ ఒక్క లిపికిని చెందినది కాదు. అక్షరములు ఒకదానితో నొకటి కలిసిపోవు స్వభావము గల లిపులన్నిటికి ఉమ్మడిగా ఉంచినది. పారసీకము వ్రాయువారికి ఇది నిత్యావసరము.

ఈ సంఖ్యలు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పోవు విధము కూడ చూడదగినది. అవి బైట్లుగా పోవును. ఒక బైటులో 0 నుండి 255 వరకు మాత్రమే ఇముడును గనుక 3114 అందులో పట్టదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు దీనికొక ఉపాయమును కనిపెట్టిరి. దాని పేరు యూటీఎఫ్-8. ఆ పద్ధతిలో తెలుగు అక్షరము మూడు బైట్లుగా విడిపోయి ప్రయాణించును. ప అను అక్షరము 224, 176, 170 అగును. చేరవలసిన చోట యంత్రము మొదటిదానినుండి 224ను, తక్కిన రెంటినుండి 128 చొప్పునను తీసివేయును. మిగిలినవి 0, 48, 42. వీనిని వరుసగా 4096, 64, 1 చేత గుణించి కూడినచో 3114 వచ్చును. కనబడని గుర్తు 226, 128, 140గా వెళ్లును. అదే లెక్క వేసినచో 8204 తేలును. తొమ్మిదవ తరగతి విద్యార్థులచేత నల్లబల్లమీద ఈ లెక్కను చేయించవచ్చును. ఎవరికి వారు తమ పేరును విప్పుకొని చూచుట పిల్లలకు సరదాగా కూడ ఉండును. పాన్‌గల్ అను పేరు మొత్తమునకు 24 బైట్లు పట్టును. అదే ఇంగ్లీషు లిపిలో ఆరక్షరములు, ఆరే బైట్లు.

ఈ ఏర్పాటు సామాన్యుల యంత్రములవరకు చేరుటకు పదేండ్లకు పైగా పట్టినది. అంతవరకు తెలుగువారు నోరు కట్టుకొని కూర్చుండలేదు.

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున చదువుచున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అను విద్యార్థులు యూజ్‌నెట్ అను చర్చావ్యవస్థను తలపెట్టిరి. మరుసటి సంవత్సరము అది నడువసాగెను. ఒకచోటి కంప్యూటరులో వ్రాసిన లేఖ టెలిఫోను తీగమీద పక్క సంస్థ కంప్యూటరుకు, అక్కడినుండి ఆ పైదానికి ప్రాకుచు పోయెడిది. విషయమునకొక గుంపు. ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను బదులు చెప్పవచ్చును. బదులు ఏ లేఖకు సంబంధించినదో దానిక్రిందనే చేరును. 1990లలో తెలుగువారికి కూడ అందులో ఒక గుంపు ఏర్పడెను. పొడి అక్షరములతో దానిని ‘స్కిట్’ అనెడివారు. చదువులకొరకు, ఉద్యోగములకొరకు దేశాంతరము వెళ్లినవారు అందులో వంటలనుండి ఛందస్సువరకు అన్నిటినిగూర్చి వాదించుకొనిరి.

చిక్కు ఎక్కడ వచ్చినదనగా, ఆనాటి లేఖలలో పోగలిగినవి 128 గుర్తులే. అవన్నియు ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు మొదలగునవి. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయవలసివచ్చెను. ఎవరికి తోచినట్లు వారు వ్రాయగా చదువరికి పాట ఏదో పాత ఏదో తెలియదాయెను. హ్యూస్టను నగరములోని రైస్ విశ్వవిద్యాలయమునందున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనువారు దీనికొక కట్టుబాటు ఏర్పరచిరి. ఆ విశ్వవిద్యాలయము పేరుమీద దానిని ఆర్‌టీఎస్ అందురు. చిన్న టీ అక్షరము వ్రాసినచో త, పెద్ద టీ అక్షరము వ్రాసినచో ట. ణకారమునకును ళకారమునకును ఇట్లే పెద్ద అక్షరములు. చూచుటకు ఆ వ్రాత వికారముగానే ఉండును. వాక్యము మధ్యలో పెద్ద అక్షరములు కొమ్ములవలె లేచియుండును. కాని ప్రతి తెలుగు అక్షరమునకును ఒక నిశ్చితమైన వ్రాత ఏర్పడినది. అట్లు నిశ్చితమైన తరువాత దానిని తిరిగి తెలుగు లిపిలోనికి మార్చుట యంత్రమునకు సులభమైన పని.

తరువాత ఫాంట్ల కాలము వచ్చినది. ప్రతి వార్తాపత్రికయు తన సైటుకు తన సొంత అచ్చును వాడుకొన్నందున, ఒకదానిలోని వార్తను మరియొక చోట అతికించినచో అర్థములేని గీతలు మిగిలెడివి. ఈ అచ్చులన్నిటిని యూనికోడులోనికి మార్చుటకు ‘పద్మ’ అను ఉపకరణమును వెన్న నాగార్జున తయారుచేసిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు ప్రారంభకుడు కూడ ఆయనయే. 2006లో వీవెన్ అను పేరుతో ప్రసిద్ధుడైనవారు ‘లేఖిని’ని అందరికి అందుబాటులో ఉంచిరి. ఇంగ్లీషు మీటలు నొక్కుచుండగా పక్కనే తెలుగు అక్షరములు వెలువడును. ఆ వ్రాతపద్ధతిలో పాత ఆర్‌టీఎస్ పోలికలే కనబడును. ఈనాడు ఫోనుతోపాటు వచ్చు తెలుగు మీటలను చూచి ఇవి ఎల్లప్పుడును ఉన్నవేయని పిల్లలు అనుకొందురు. వీనికి దారి వేసినవారిలో పెక్కుమంది తమలో తాము తెలుగులో వాదించుకొనవలెనను కోరికతో తీరికవేళల పనిచేసినవారని ఉపాధ్యాయులు చెప్పుట మంచిది.

కనబడని గుర్తు ఒకసారి ప్రపంచమంతటి నోటబడినది. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక తెలుగు అక్షరము ఆపిల్ సంస్థవారి ఫోనులను మూర్ఛబోవునట్లు చేసినది. ఆ అక్షరము జ్ఞా. మనము ‘విజ్ఞానము’ అను మాటలో నిత్యము వ్రాయునదియే! సందేశములో అది వచ్చిన వెంటనే సందేశములు చూపు ప్రోగ్రాము ఆగిపోవును. తెరిచిన ప్రతిసారి ఆగిపోవును. చిత్రమేమనగా తెలుగువారు మామూలుగా వ్రాయు జ్ఞా వలన ఏ హానియు లేదు. జ, పొల్లు, ఞ అయిన తరువాత దీర్ఘపు గుర్తుకు ముందు ఆ 8204 చొరబడినప్పుడే ఈ ప్రమాదము. అక్కడ దానికి పనియే లేదు. అక్షరములను తెరమీద పేర్చు ప్రోగ్రాములో ఇటువంటి కూర్పును ఎదుర్కొను ఏర్పాటు సరిగా లేకపోయెను.

ఆ వారములో చర్చావేదికలలో జనులు రెండు విధముల ప్రవర్తించిరి. కొందరు ఆ అక్షరమును కావలెనని ఇతరుల ఫోనులకు పంపిరి. తమ పేరు పక్కన తగిలించుకొని, చూచినవారి యంత్రము ఆగిపోవునట్లు చేసిరి. అదొక వేడుక. మరికొందరు దానిని విప్పి చూచిరి. ఒక ప్రోగ్రామరు తాను చేసిన పరీక్షలను బహిరంగముగా ప్రకటించి, హల్లు, పొల్లు, హల్లు, కనబడని గుర్తు, అచ్చుగుర్తు అను ఈ వరుస బెంగాలీలోను, దేవనాగరిలోను కూడ కొన్ని అక్షరములతో ఇదే పని చేయునని చూపెను. లోకమంతయు ‘తెలుగు అక్షరపు దోషము’ అని పేరుపెట్టినదాని మూలము తెలుగులో లేదని అట్లు తేలినది. ఫిబ్రవరి 19న సంస్థవారు సవరణ విడుదల చేసిరి. ఆకతాయితనము, ఓపికతో కూడిన పరిశీలన రెండును ఒకే వేదికమీద, ఒకే దినమున, కొన్నిచోట్ల ఒకే మనుష్యునిలో కనబడుట ఈ చర్చాసమాజముల లక్షణము.

మన పల్లెలలో రచ్చబండ ఎరుగనివారుండరు. ఊరి నడుమ చెట్టు, చెట్టు చుట్టు రాతి అరుగు. అక్కడ మాటలాడువాడెవడో అందరికి తెలియును. వాని తండ్రి తెలియును; వాడు నిరుడు ఏమి చెప్పినాడో కూడ జ్ఞాపకముండును. గొంతు పెరిగినచో పెద్దమనిషి ఒకడు ‘ఇక చాలించుడు’ అనును. ఇంటర్నెట్టు మీది చర్చలో ఇవేవియు లేవు. ముఖము కనబడదు, గొంతు వినబడదు. పరిహాసమునకు అన్న మాట నిందగా తోచును. కోపమును చల్లార్చు పొరుగువాడు పక్కన ఉండడు. ఈ సంగతిని మొదటితరమువారే గుర్తించిరి. 1995లో ఇంటర్నెట్టు సాంకేతిక వర్గములవారు మర్యాదలను గూర్చి ఒక పత్రమునే ప్రకటించిరి. క్రొత్తగా గుంపులో చేరినవాడు కొంతకాలము చదివి, ఆ గుంపు తీరు తెలిసికొని తరువాత వ్రాయవలెనని అందులో సలహా ఇచ్చిరి. ఇప్పటికిని ఆ సలహాను పాటించువారు కొద్దిమందియే.

ఇంటర్నెట్టు చర్చకు రచ్చబండకు లేని గుణము ఒకటి ఉన్నది. అక్కడ అన్న మాట నిలిచియుండగలదు. నిలుచునో లేదో వేదిక నిర్మాణముమీద ఆధారపడును. 1995లోనే వార్డ్ కన్నింగ్‌హామ్ అను అమెరికను, చదువువాడే దిద్దుటకు వీలైన పుటలను తయారుచేసి వికీ అని పేరుపెట్టెను. వికీపీడియాలో ప్రతి వ్యాసమునకును వెనుక రెండు పుటలుండును. ఒకటి ‘చర్చ’, రెండవది ‘చరిత్ర’. చరిత్రలో ఎవరు, ఏ దినమున, ఏ గంటకు ఏ అక్షరము మార్చినారో అంతయు ఉండును. చెరిపినది కూడ అందులో దొరకును. చర్చలో ప్రతివాడును తన మాటక్రింద నాలుగు అలగీతలు ఉంచినచో అతని పేరు, వేళ వానియంతట అవే చేరును. తెలుగు వికీపీడియావారు అందరును కలిసి మాటలాడుకొను పుటకు ‘రచ్చబండ’ అనియే పేరుంచుకొనిరి.

ఈ రచ్చబండమీద ఒక కఠినమైన ఆచారము ఉన్నది. చెప్పువాని హోదాకు విలువ లేదు. చూపిన ఆధారమునకే విలువ. చరిత్రశాఖాధ్యక్షుడు ఆధారము చూపక వ్రాసిన వాక్యమును ఎవరైనను ప్రశ్నింపవచ్చును. పదవ తరగతి విద్యార్థి పుస్తకము పేరు, పుట సంఖ్య చూపి వ్రాసిన వాక్యము నిలుచును. తాను కనిపెట్టిన క్రొత్త సంగతిని మొదట ఇక్కడ ప్రకటించుటకు వీలులేదు. ఇతరచోట అచ్చయినదానినే ఇక్కడ చేర్చవలెను. మన తరగతి గదులలో ‘ఎవరు చెప్పినారు?’ అను ప్రశ్నకు ‘సారు చెప్పినారు’ అనునది తుది సమాధానము. అందుచేత ఈ ఆచారము మొదట కొంత గరుకుగానే తోచును.

దీనివలన నష్టము లేకపోలేదు. తెలుగు వికీపీడియాలో నేడు లక్షకు పైగా వ్యాసములున్నవి. పల్లెలకు కూడ విడివిడిగా పుటలున్నవి. వానిలో చాలవరకు 2011 జనాభా లెక్కల వివరములే. ఎన్ని ఇండ్లు, ఎంత సాగునేల, బస్సు ఉన్నదా లేదా యనునవి. ఊరి పెద్దలకు తెలిసిన సంగతులు, కోటలోని ఏ ద్వారమును ఏ పేరుతో పిలుతురు, ఏ కోనేరు ఎప్పుడు ఎండినది మొదలగునవి, అచ్చులో లేవు గనుక వానికి అక్కడ చోటు దొరకదు. అచ్చుయంత్రము చేరని ఊరికి ఈ నియమము బరువైనది. జనాభా లెక్క ఉన్నంతమాత్రమున ఊరు తెలిసినట్లు కాదు. ఈ కొరతను వికీపీడియా తానుగా తీర్చుకొనలేదు. ఊరి చరిత్రను ఎవరో ఒకరు వ్రాసి, బడి సంచికలోనైనను, చిన్న పుస్తకముగానైనను అచ్చువేయింపవలెను. కొందరు ఉపాధ్యాయులు ఈ పని చేయుచునేయున్నారు.

ఇక పాన్‌గల్‌కే సంబంధించిన ఒక వివాదమును తీసికొందము. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా 1417 ప్రాంతమున కృష్ణకు ఉత్తరముననున్న ఒక కోటను ముట్టడించెను. ముట్టడి సుమారు రెండేండ్లు సాగినది. దండులో మనుష్యులకును, గుర్రములకును జాడ్యము సోకినది. విజయనగరపు మొదటి దేవరాయలు సేనతో వచ్చి పడగా సుల్తాను ఘోరముగా ఓడిపోయెను. కొద్దికాలమునకే, 1422లో, సింహాసనమును తమ్మునికి విడువవలసివచ్చెను. దక్కను చరిత్రలో ఇది చిన్న సంఘటన కాదు. ఆ కోట ఏది?

కొన్ని పుస్తకములు పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోని పాన్‌గల్ అనును. మరికొన్ని నల్లగొండ పట్టణమును ఆనుకొనియున్న పానగల్లు అనును. పానగల్లు సామాన్యమైన ఊరు కాదు. కందూరు చోడుల రాజధాని. పచ్చల సోమేశ్వరాలయము, ఛాయా సోమేశ్వరాలయము అక్కడివే. (ఛాయా సోమేశ్వరుని గర్భగుడిలో పగలంతయు కదలక నిలుచు నీడను గూర్చి భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు ఎరిగియే ఉందురు.) రెండు ఊళ్లును కృష్ణకు ఉత్తరమే. విజయనగరమునుండి రాయచూరుమీదుగా వచ్చు సేనకు వనపర్తి ప్రాంతపు పాన్‌గల్ దగ్గర. పైగా అక్కడ కొండకోట ఉన్నది. ఈ వాదము బలమైనదే. కాని దగ్గరగా ఉండుట సాక్ష్యము కాదు. నల్లగొండ పక్షమువారు పానగల్లు ప్రాచీనతను చూపుదురు. అదియు సాక్ష్యము కాదు.

చిక్కుకు మూలము లిపిలో ఉన్నది. ఈ ముట్టడిని వివరముగా చెప్పిన గ్రంథములలో ముఖ్యమైనది బిజాపురములో ఫిరిస్తా వ్రాసిన పారసీక చరిత్ర. అది 17వ శతాబ్ది మొదటి పాదమున వ్రాసినది. అనగా యుద్ధము జరిగిన సుమారు రెండువందల ఏండ్లకు. పారసీక లిపిలో హ్రస్వమైన అచ్చులను సాధారణముగా వ్రాయరు. పే, అలిఫ్, నూన్, గాఫ్, లామ్ అను ఐదక్షరములు వ్రాసినచో పాన్‌గల్ అని చదువవచ్చును, పానగల్ అనియు చదువవచ్చును. నకారముమీద అకారము ఉన్నదా లేదా యని చెప్పు గుర్తు అందులో లేదు. పాత వ్రాతప్రతులలో గాఫ్‌ను కాఫ్‌వలె వ్రాయుట కూడ వాడుకయే గనుక గకారము కకారముగా చదువబడుటకును వీలుకలదు. అందుచేత ఇంగ్లీషు అనువాదములలో ఈ పేరు పలురూపముల కనబడును. ఆ అనువాదములనుండి తెలుగు పుస్తకములకు వచ్చునప్పుడు తెలుగు రచయిత తనకు తెలిసిన ఊరి పేరును దానికి తగిలించెను. మన యంత్రములో కనబడని గుర్తు ఒకటి ఉండి పేరును సరిచేయుచున్నది. ఆ గ్రంథములో వ్రాయని అచ్చు ఒకటి లేకపోయి రెండు ఊళ్లను ఒకటిగా చేసినది.

ఇటువంటి ప్రశ్న చర్చావేదికకు వచ్చినప్పుడు ఏమగునో చూడవలెను. వాట్సాప్ గుంపులో ఒకడు ‘మన కోటకాడనే సుల్తాను ఓడిపోయిండు’ అని కోట బొమ్మతో వ్రాయును. అది ఊరివారి గర్వమునకు తగియున్నది. పది నిమిషములలో పదిగుంపులకు పోవును. నల్లగొండవైపున ఇంకొకడు అదే మాట తన ఊరిని గూర్చి వ్రాయును. రెండు సందేశములు ఎన్నడును ఎదురుపడవు. వాట్సాప్ సందేశములు 2016 నుండి బయటివారు చదువలేని సంకేతములుగా మారి పోవుచున్నవి. స్నేహితుల సొంత మాటలకు ఇది మంచి రక్షణ. అయితే అందులో అచ్చయిన తప్పును బయటినుండి చూచి దిద్దువాడు ఉండడు. ‘చరిత్ర’ పుట ఉండదు. మొదట ఎవరు వ్రాసినారో తెలియదు. పుకార్ల వేగమును తగ్గించుటకై ఒక సందేశమును ఒకేసారి ఐదుచోట్లకు మించి పంపరాదని 2018లో మన దేశమున హద్దు పెట్టిరి. ఇదివరకే పలుమార్లు చేతులు మారిన సందేశమును ఒక్కొక్క చోటికే పంపగలుగునట్లు 2020 ఏప్రిల్‌లో మరియొక హద్దు పెట్టిరి. వేగము తగ్గును, ఆధారము మాత్రము పుట్టదు.

వికీపీడియా పద్ధతిలో ఈ రెండు మాటలును ఒకేచోట తటస్థపడక తప్పదు. చర్చ పుటలో ఓట్లు లెక్కపెట్టి ఏ ఊరని తేల్చుటకు వీలులేదు. ఫలానా గ్రంథము ఈ ఊరనినది, ఫలానా గ్రంథము ఆ ఊరనినది అని రెండింటిని పుట సంఖ్యలతో వ్రాయవలెను. ఒకే పేరు లేదా దగ్గరి పేర్లు గల సంగతులను వేరుచేయుటకు ‘అయోమయ నివృత్తి’ అను ప్రత్యేక పుటలు కూడ అక్కడ ఉన్నవి. ఈ పేరు విషయములో అయోమయము రెండు ఊళ్లతో ముగియదు. 1921 నుండి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వమునకు నాయకుడైన పానగంటి రామరాయణింగారికి పానగల్ రాజా అని పేరు. చెన్నైలోని పానగల్ పార్కు ఆయన పేరిటిది. కోటకొరకు వెదకినవానికి పార్కు దొరకుట వింత కాదు.

వెదకుటలోనే ఆ 8204 మరల అడ్డువచ్చును. ఇటువంటి కనబడని గుర్తులను వెదకునప్పుడు లెక్కలోనికి తీసికొనవలసిన పని లేదని యూనికోడువారి సూచన. కొన్ని ప్రోగ్రాములు దానిని పాటించును. కొన్ని సంఖ్యకు సంఖ్య సరిపోల్చి, సరిపోనిచో ‘లేదు’ అనును. పాన్‌గల్, పాన్గల్ మనుష్యునికి ఒకే ఊరు; అటువంటి యంత్రమునకు ఎనిమిది సంఖ్యలు ఒకటి, ఏడు సంఖ్యలు వేరొకటి. వికీపీడియాలో ఒక రూపమునుండి మరియొక రూపమునకు ‘దారిమార్పు’ పెట్టి ఈ బాధను తప్పింతురు. ఆ దారిమార్పును మనుష్యులే పెట్టవలెను.

నిలిచియుండుట విషయము కొంత చెప్పవలసియున్నది. ‘రచ్చబండ’ అను పేరుతోనే తెలుగు సాహిత్యచర్చలు జరిగిన మరియొక గుంపు యాహూ సంస్థ సర్వరులలో ఉండెడిది. ఇటువంటి గుంపులు ఆ సంస్థవద్ద అన్ని భాషలలోను అసంఖ్యాకముగా ఉండెడివి. 2019లో పాత లేఖలను తొలగించుటకు ఆ సంస్థ పూనుకొనెను; 2020 డిసెంబరు 15న గుంపుల సేవ మొత్తము మూతబడెను. గడువులోపల దింపి దాచుకొన్నవారివద్ద ఉన్నవి ఉన్నవి. యూజ్‌నెట్ చర్చలకు గూగుల్ సంస్థవద్ద నిల్వ ఉన్నది. 2024 ఫిబ్రవరి 22 నుండి క్రొత్త లేఖలు మాత్రము అందులో చేరుటలేదు. తాళపత్రమునకు చెదలవలన వచ్చు ప్రమాదము మనకు తెలిసినదే. సర్వరులోని చర్చకు ప్రమాదము ఒక సంస్థ లెక్కల పుస్తకమునుండి వచ్చును.

పాన్‌గల్ కోటను గూర్చి వ్రాయదలచిన విద్యార్థికి ఉపాధ్యాయుడు ఇప్పించదగిన సాధనములు పెద్దవేమియు కావు. పాత గెజిటీర్లు, శాసనముల సంపుటములు, ఫిరిస్తా గ్రంథపు అనువాదములు నేడు ఇంటర్నెట్టులో ఉచితముగా చదువుకొనుటకు దొరకుచున్నవి. శాసనములకు ఇక్కడ ప్రత్యేకమైన విలువ కలదు. తెలుగు శాసనములో నకారమునకు అచ్చు ఉన్నదో పొల్లు ఉన్నదో రాతిమీద కనబడును. వెదకునప్పుడు పాన్‌గల్, పాన్గల్, పానగల్, పానగల్లు అను నాలుగు రూపములను విడివిడిగా వెదకవలెను. ఇంగ్లీషులోను రెండు మూడు రూపములను చూడవలెను. ఏ రూపమునకు ఏ పుస్తకములో ఏ ఊరి సంగతి వచ్చినదో, పుట సంఖ్యతోసహా పక్కన ఒక పట్టికగా వ్రాసికొనవలెను. నల్లగొండలోని ఒక బడి పిల్లలు అదే పట్టికను తమ ఊరివైపునుండి తయారుచేసినచో, రెండు పట్టికలను చర్చ పుటలో ఒకదానిక్రింద ఒకటి ఉంచి, క్రింద నాలుగు అలగీతలు గీయవచ్చును.